ఆల్చిప్ప నోరు తెరిచిందంటే...

పాఠకుల ప్రశ్నలు – నిపుణుల జవాబులు

మంచినీటి ఆల్చిప్పల గురించి వచ్చిన ఉత్తరాల్లో ఐదింటికి ఈసారి జవాబులిస్తున్నాం. మన చెరువుల్లో, పంట కాలువల్లో ఎక్కువగా దొరికేవి లామెల్లిడెన్స్ మార్జినాలిస్, దాని దాయాది లామెల్లిడెన్స్ కొరియానస్. నదుల్లో, వాగుల్లో ఎక్కువగా కనిపించేవి చిన్నగా, మందంగా ఉండే పారేసియా జాతులు. మొదటి రెండూ నిలవ నీటిని కొంతవరకు ఓర్చుకుంటాయి. పారేసియాలకు పారే నీరే కావాలి. జవాబులు చదివేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోండి.

ప్రశ్న: మాది గోదావరి డెల్టా. ఏటా వేసవిలో కాలువకు నీళ్లు కట్టేశాక అక్కడక్కడ మోకాలి లోతు మడుగులు మిగులుతాయి. వారం పది రోజుల్లో వాటిలోని ఆల్చిప్పలు నోళ్లు తెరిచి కంపు కొడుతున్నాయి. ఎవరో మందు కలిపారని ఊళ్లో అనుమానం. నీళ్లున్నా ఎందుకు చస్తున్నాయి?
– ఒక రైతు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: ముందు మందు సంగతి. పురుగుమందు కలిస్తే మొదట పోయేవి రొయ్యలు, చేపలు. అవి గంటల్లోనే తేలిపోతాయి. ఆల్చిప్ప తలుపులు బిగించుకుని ఒకటి రెండు రోజులు ఓర్చుకోగలదు. మీ మడుగులో చేపలు ఇంకా తిరుగుతుండగా ఆల్చిప్పలు రోజుకు కొన్ని చొప్పున చస్తున్నాయంటే, మందు కంటే ముందు పారకం ఆగిపోవడాన్నే అనుమానించాలి.

ఆల్చిప్ప ఉన్నచోటనే ఉండి బతికే ప్రాణి. మేత, ఊపిరి రెండూ నీరే మోసుకొచ్చి పెట్టాలి, దాని మలాన్ని నీరే మోసుకుపోవాలి. కాలువ పారుతున్నంతసేపూ ఈ మూడు పనులూ వాటంతట అవే జరిగిపోతాయి. పారకం ఆగితే అడుగున అరచేతి మందాన నీరు కదలకుండా నిలిచిపోతుంది. తాను వదిలిన నీటినే ఆల్చిప్ప మళ్లీ పీల్చుకుంటుంది. పైన మోకాలి లోతు నీరున్నా దానికి అందేది అడుగున ఉన్న ఆ పలచటి పొరే.

దీనికి ఎండ తోడవుతుంది. 20 డిగ్రీల దగ్గర మంచినీరు లీటరుకు సుమారు 9.1 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలదు, 30 డిగ్రీల దగ్గర 7.6 మాత్రమే. నీరు వేడెక్కేకొద్దీ అందులో పట్టే ఆక్సిజన్ తగ్గుతుంది, ఆల్చిప్పకు కావలసింది మాత్రం పెరుగుతుంది. రాత్రి పాచి, నాచు కూడా ఆక్సిజన్‌నే వాడుకుంటాయి కాబట్టి తెల్లవారుజామున డీవో (నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్) అట్టడుగుకు పడిపోతుంది. మధ్యాహ్నం కొలిస్తే 8 కనిపించే మడుగులోనే ఉదయం ఐదింటికి 2 కూడా ఉండకపోవచ్చు. అందుకే డీవో ఎప్పుడూ సూర్యోదయానికి ముందు, అడుగు నుంచి జానెడు ఎత్తులోపల కొలవాలి. మధ్యాహ్నం పైనీటిలో తీసిన అంకెకు ఇక్కడ విలువ లేదు.

అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఫ్లింట్ నది పరీవాహకంలో 2000లో వచ్చిన కరువులో ఇదే జరిగింది. అక్కడి వాగుల్లో నీటి వేగం సెకనుకు 1 సెంటీమీటరు కంటే తగ్గి, డీవో లీటరుకు 5 మిల్లీగ్రాముల కిందికి పడిన చోట్ల ఆల్చిప్పల చావులు పెరిగాయి. నీరు పూర్తిగా ఎండకముందే చచ్చాయి. సెకనుకు 1 సెంటీమీటరంటే కంటికి కదిలినట్టు కూడా ఆనదు. ఆ కాస్త కదలిక ఉన్నా వాటికి ఊపిరి అందేది.

ఒకటి చచ్చాక సంగతి ఇంకా పాడవుతుంది. కుళ్లే మాంసం చుట్టూ ఉన్న ఆక్సిజన్‌ను తినేస్తుంది, అమ్మోనియా వదులుతుంది. పక్కది బలహీనపడుతుంది. మీరు చూస్తున్న వారం పది రోజుల చావులు చాలావరకు ఈ గొలుసే. కాబట్టి మొదట చేయాల్సింది చచ్చినవాటిని రోజూ ఏరేయడం. వేలితో తట్టితే బిగుసుకునేది బతికున్నట్టు. మెల్లగా మూసుకునేది నీరసించింది. తట్టినా కదలనిది పోయినట్టు.

మడుగు చిన్నదైతే ఒక చిన్న పంపుతో నీటిని తోడి తెల్లవారుజామున రెండు మూడు గంటలు అదే మడుగులోకి పైనుంచి చిమ్మండి. పీల్చే గొట్టం చివర బురద తగలకుండా బుట్ట కట్టండి. బురద రేగితే ఉన్న ఆక్సిజన్ కూడా పోతుంది.

తరలించాలనుకుంటే చావులు మొదలయ్యాక కాదు, కాలువ కట్టిన రెండు మూడు రోజుల్లోనే తీయాలి. మూత పెట్టిన బకెట్ నీళ్లలో కుక్కి తీసుకెళ్లకండి, ఆ నీటిలో ఆక్సిజన్ అరగంటలో అయిపోతుంది. తడి గోనెసంచుల మధ్య ఒక్క వరుసగా పరిచి, నీడన, పొద్దున్నే తీసుకెళ్లండి. కొత్త చోట లోతు నీటిలోకి విసిరేయవద్దు. గట్టి ఇసుక కలిసిన మట్టి ఉన్నచోట పక్కకు పడుకోబెట్టి వదిలితే బలమున్నది తనే కాలు చాపి దిగబడుతుంది. మరునాటికీ దిగబడకుండా పడి ఉన్నవి నిలిచే అవకాశం తక్కువ.

కాలువ గేట్లు ఎలా దించుతారన్నది కూడా ముఖ్యమే. ఆల్చిప్ప రోజుకు కొద్ది అడుగులే జరగగలదు. ఒక్కరోజులో నీరు దించేస్తే గట్టు వారన ఉన్నవన్నీ ఎండకు దొరికిపోతాయి. నాలుగైదు రోజుల మీద కొంచెం కొంచెంగా దించితే చాలా వాటికి నీటి వెంట నడుమకు చేరుకునే వ్యవధి దొరుకుతుంది. నీటి సంఘం సమావేశంలో ఈ మాట గట్టిగా అడగండి. దీనికి పైసా ఖర్చు లేదు.

ప్రశ్న: ముత్యాల సాగు కోసం పక్క జిల్లా నుంచి ఆల్చిప్పలు తెప్పించి చేపల చెరువులో సంచుల్లో వేలాడదీశాను. నెల తిరక్కుండా సగం పోయాయి. ఉదయం పరీక్ష చేయిస్తే అమ్మోనియా 1 పీపీఎం (లీటరుకు 1 మిల్లీగ్రాము), పీహెచ్ 7.5. చేపలకు ఏమీ కాలేదు. తప్పెక్కడ జరిగింది?
– ఒక రైతు, ఖమ్మం జిల్లా

జవాబు: మీ పరీక్ష తప్పు కాదు, పరీక్ష చేసిన వేళ తప్పు. కిట్ చూపేది మొత్తం అమ్మోనియా. అందులో ప్రాణం తీసేది ఎక్కువగా వాయు రూపంలో ఉన్న భాగం. ఆ భాగం ఎంతన్నది పీహెచ్, వేడి నిర్ణయిస్తాయి. 30 డిగ్రీల నీటిలో పీహెచ్ 7.5 దగ్గర మొత్తంలో సుమారు రెండున్నర శాతమే విషం. పీహెచ్ 8.5కు వెళితే 20 శాతం. పీహెచ్ 9కి వెళితే దాదాపు 45 శాతం. పచ్చగా బ్లూమ్ (నీటినిండా పెరిగిన పాచి) ఉన్న చెరువులో ఉదయం 7.5 ఉన్న పీహెచ్ మధ్యాహ్నం మూడింటికి 9 అందుకోవడం మామూలే. అంటే మీ 1 పీపీఎం అమ్మోనియా మారకపోయినా, అందులోని విషం ఉదయం నుంచి మధ్యాహ్నానికి సుమారు 18 రెట్లు పెరుగుతోంది. డీవోను తెల్లవారుజామున, అమ్మోనియాను, పీహెచ్‌ను మధ్యాహ్నం మూడింటికి కొలవండి.

చేపకు ఏమీ కాలేదు కదా అన్న ధీమా ఇక్కడ పనికిరాదు. అమ్మోనియాకు అన్నిటికంటే సున్నితమైన నీటి ప్రాణుల్లో మంచినీటి ఆల్చిప్పలు, ముఖ్యంగా వాటి పిల్లలు ఉంటాయి. అమెరికా పర్యావరణ సంస్థ 2013లో తన అమ్మోనియా పరిమితిని బిగించడానికి కారణం ఇవే. పీహెచ్ 7, 20 డిగ్రీల దగ్గర దీర్ఘకాల పరిమితి లీటరుకు 1.9 మిల్లీగ్రాముల మొత్తం అమ్మోనియా నైట్రోజన్. అదే సూత్రాన్ని పీహెచ్ 8, 30 డిగ్రీలకు లెక్కిస్తే సుమారు 0.4 వస్తుంది. మన వేసవి చెరువుకు దగ్గరగా ఉండేది ఈ రెండో అంకె.

ఇక చెరువులో మీరు ఏమేం వేశారో రాయలేదు. రెండు వస్తువుల గురించి హెచ్చరించాలి.

మొదటిది మైలుతుత్తం. పాచి చావడానికి ఎకరానికి, మీటరు లోతు నీటికి 2 కిలోలు వేశారనుకోండి. ఆ నీరు సుమారు 4,000 ఘనపు మీటర్లు. తుత్తంలో నాలుగో వంతు రాగి. నీటిలో రాగి లీటరుకు 120 మైక్రోగ్రాములు దాటుతుంది. ఆల్చిప్ప పిల్లలను చంపడానికి కొన్ని పదుల మైక్రోగ్రాములు చాలు. ఆల్చిప్పలున్న చెరువులో తుత్తం వేయనే వేయకూడదు.

రెండోది పొటాష్. అమెరికాలోని వర్జీనియాలో మిల్‌బ్రూక్ క్వారీ అనే నీటి గుంటలో జీబ్రా మసెల్ అనే చొరబాటు జాతిని 2006లో తుడిచిపెట్టింది పొటాషియం క్లోరైడ్‌తోనే, అంటే మన ఎంవోపీ ఎరువుతోనే. పొటాషియం సుమారు 100 పీపీఎం స్థాయిలో నిలిపారు. ఆ మసెల్ చచ్చింది, చేపలు బతికాయి. చేపకు హాని లేనిది ఆల్చిప్పకూ హాని చేయదనుకోవడం ఎంత పొరపాటో దీనితో తెలుస్తుంది. మీటరు లోతున్న ఎకరం చెరువులో 50 కిలోల బస్తా వేస్తే పొటాషియం సుమారు 6 పీపీఎం పెరుగుతుంది. ఒక్క బస్తాకు చావకపోవచ్చు. కానీ పొటాష్ ఆవిరైపోదు. నీటి మార్పిడి లేని చెరువులో వేసిందంతా పేరుకుంటూనే ఉంటుంది.

వేలాడదీసే పద్ధతి కూడా ఓసారి సరిచూసుకోండి. భువనేశ్వర్‌లోని కేంద్ర మంచినీటి జలసాగు సంస్థ చెప్పే పద్ధతిలో 12 సెంటీమీటర్ల చదరపు నైలాన్ సంచికి రెండు ఆల్చిప్పలు, ఒక మీటరు లోతు, హెక్టారుకు 20,000 నుంచి 30,000. సంచి అడుగు బురదకు తగిలితే కుళ్లు నీరు పీలుస్తాయి, పైకి ఉంటే ఎండ వేడి తగులుతుంది. సంచి కన్నాలు పాచితో మూసుకుంటే చెరువు నీరు ఎంత బాగున్నా లోపలికి చేరదు. నెలకోసారైనా తీసి బ్రష్‌తో రుద్ది కడగాలి. ఇది పారకం సమస్యే, రూపం వేరు.

ముత్యం కోసం లోపల పూస పెట్టే ఆపరేషన్ చేసిన ఆల్చిప్పలను నేరుగా చెరువులో దించితే ఏ నీటిలోనైనా పోతాయి. పది రోజులు విడి తొట్టెల్లో ఉంచి, చచ్చినవాటిని, పూసను బయటకు తోసేసినవాటిని ఏరేశాకే దించాలి. వాటిని ఎక్కడినుంచి తెచ్చారన్నదీ చూసుకోండి. పక్క జిల్లా కాలువ నీటిలో పెరిగినవాటిని పచ్చటి చేపల చెరువులో ఒక్కసారిగా దించితే ఆ మార్పుకే కొన్ని పోతాయి. దించే ముందు తొట్టెలో రోజుకు మూడో వంతు చెరువు నీరు మారుస్తూ నాలుగైదు రోజులు అలవాటు చేయాలి.

ప్రశ్న: ఆనకట్ట కడితే ఏడాది పొడవునా నీరు ఉంటుంది కదా. మరి ఆనకట్టల వల్ల ఆల్చిప్పలు అంతరించాయని పాఠ్యపుస్తకంలో ఎందుకు రాశారు?
– డిగ్రీ విద్యార్థిని, రాజమహేంద్రవరం

జవాబు: ఆల్చిప్ప బతుకులో చేప ఉంది, చిక్కంతా అక్కడే. తల్లి తన మొప్పల్లో మోసిన గ్లోకిడియా అనే లార్వాలను నీటిలోకి వదులుతుంది. అవి గంటల్లో, మహా అయితే కొద్ది రోజుల్లో, సరైన చేప మొప్పలనో రెక్కలనో పట్టుకోవాలి. లేకపోతే చస్తాయి. చేప మీద కొన్నాళ్లు పరాన్నజీవిగా గడిపి, రూపం మారి, రాలి, అడుగు ఇసుకలోకి దూరిపోతాయి. ఎదురు ఈదలేని ఆల్చిప్ప పైకి వెళ్లడానికి చేపే వాహనం. ధవళేశ్వరం దగ్గర పులస ఆగిపోవడం మీకు తెలిసిందే. ఏ ఆల్చిప్పకైనా ఆధారమైన చేప అలా ఆగిపోతే ఆనకట్టకు ఎగువన ఆ ఆల్చిప్పకు కొత్త తరం ఉండదు.

ఎగువన నిలిచిన నీటి అడుగున ఒండ్రు పేరుకుని ఇసుక, గులకరాళ్ల సందులు మూసుకుపోతాయి. పిల్ల ఆల్చిప్ప మొదటి కొన్నేళ్లు ఆ సందుల్లోని నీటితోనే బతుకుతుంది. దిగువన మరో రకం కష్టం. లోతు జలాశయం అడుగునుంచి వదిలిన నీరు చల్లగా, ఆక్సిజన్ తక్కువగా ఉంటుంది. గుడ్లు పెట్టడానికి, గ్లోకిడియా వదలడానికి వేడి పెరగడమే సంకేతం. ఆ సంకేతం రాకపోతే పెద్దవి బతికే ఉంటాయి కానీ సంతానం ఉండదు. విద్యుత్తు కోసం గేట్లు తీసి మూసినప్పుడల్లా ప్రవాహం ఎగసిపడితే పిల్లలు కొట్టుకుపోతాయి.

అమెరికాలోని టెన్నెసీ నది మీద మసిల్ షోల్స్ అనే ఒక్క చోటనే ఒకప్పుడు దాదాపు 70 జాతుల ఆల్చిప్పలు ఉండేవి. 1924లో విల్సన్ ఆనకట్ట పూర్తయి అక్కడి రాతి మెట్టలు మునిగాక వాటిలో చాలా జాతులు మళ్లీ కనిపించలేదు.

తిరిగి బాగుచేసే దారి కూడా ఉంది. కెంటకీ రాష్ట్రంలోని గ్రీన్ నది మీద 2002 నుంచి జలాశయం నీటిని వదిలే తీరు మార్చారు. శరదృతువులో చల్లటి నీటిని త్వరత్వరగా ఖాళీ చేయడం మాని, ఆలస్యంగా, వానకు నది సహజంగా పొంగే తీరుకు దగ్గరగా వదులుతున్నారు. ఆనకట్టను కూల్చకుండా గేట్ల వేళలు మార్చడంతోనే ఇది మొదలైంది. మన నదుల మీద నీటి పంపకాల లెక్కల్లో కూడా "ఎంత నీరు" అన్నదానితోపాటు "ఏ నెలలో, ఎంత వేగంతో, ఎంత చల్లగా" అన్నది చేర్చాలని మా గట్టి అభిప్రాయం.

ప్రశ్న: మా ఊరి వాగులో ఆల్చిప్పలు విరివిగా ఉన్నాయి. విద్యార్థులతో లెక్క తీయించాలనుంది. పద్ధతి చెప్పండి.
– సైన్స్ ఉపాధ్యాయుడు, ఆదిలాబాద్ జిల్లా

జవాబు: విరివిగా ఉన్నాయంటే సంతోషమే, కానీ ఏ సైజువి అన్నదే అసలు లెక్క. ఆల్చిప్పలు ఏళ్ల తరబడి బతుకుతాయి. యూరప్‌లోని ముత్యపు ఆల్చిప్ప నూరేళ్లు దాటి బతుకుతుంది. అక్కడ పెద్దవాటితో నిండిన నదుల్లో దశాబ్దాలుగా ఒక్క పిల్ల కూడా నిలవని చోట్లున్నాయి. పెద్దవి కనిపించాయంటే ఒకప్పుడు నీరు బాగుందనే అర్థం. ఇప్పుడు బాగుందో లేదో పిల్లలను చూసి తెలుసుకోవాలి.

మోకాలి లోతు దాటని చోటే, వరద లేని రోజునే దిగండి. 50 సెంటీమీటర్ల భుజం ఉన్న చదరపు ఇనుప చట్రం చేయించండి. వాగు వెంట 50 మీటర్ల ముక్క ఎంచుకుని, కళ్లకు నచ్చిన చోట కాకుండా, సమాన దూరంలో 20 చోట్ల చట్రం వేయండి. చట్రంలోని మట్టిని జానెడు లోతు తవ్వి, 5, 6 మిల్లీమీటర్ల కన్నాలున్న జల్లెడలో నీటిలోనే కడగండి. పైపైన చేత్తో తడిమితే పిల్లలు దొరకవు, అవి పూర్తిగా పూడుకుని ఉంటాయి. ప్రతిదాని పొడవూ మిల్లీమీటర్లలో రాసి, తీసిన చోటనే పెట్టేయండి. ఖాళీ చిప్పలను వేరే గడిలో రాయండి. 3 సెంటీమీటర్ల లోపువి ఒక్కటీ దొరకకపోతే ఆ సంగతిని ఎర్ర సిరాతో రాసుకోవాలి. చిప్ప మీది గీతలను ఏళ్లుగా లెక్కించకండి. మన వేడి ప్రాంతంలో ఆ గీతలు వేసవికి, వరదకు, దెబ్బకు కూడా పడతాయి.

వేగం కొలవడానికి తొక్కతో ఉన్న కమలాపండు చాలు. 10 మీటర్లు కొలిచి, పండు ఆ దూరం వెళ్లడానికి పట్టిన క్షణాలు ఐదుసార్లు చూసి సగటు తీయండి. పైనీరు లోనీటి కంటే వేగంగా పోతుంది కాబట్టి వచ్చిన వేగాన్ని 0.85తో గుణించండి. 10 మీటర్లకు 40 సెకన్లు పడితే పైవేగం సెకనుకు 0.25, సగటు సుమారు 0.21 మీటర్లు. వేసవిలో ఒకసారి, వానలు తగ్గాక ఒకసారి కొలవాలి. వరదలో ఏ చోట ఇసుక కదలకుండా నిలిచిందో ఆ చోటును ప్రత్యేకంగా గుర్తు పెట్టుకోండి. ఆల్చిప్పల గుంపు ఎక్కువగా నిలిచేది అక్కడే. ఇసుక తవ్వకాలు ముందుగా చెడగొట్టేదీ అలాంటి చోట్లనే.

ప్రశ్న: మా చెరువులోకి కాలనీ మురుగు వస్తోంది. ఆల్చిప్పలు నీటిని వడకడతాయి కదా, వెయ్యి తెచ్చి వేస్తే శుభ్రపడుతుందా?
– హైదరాబాద్ శివారు కాలనీవాసి

జవాబు: వేయకండి. బాగున్న నీటిని బాగా ఉంచగల ప్రాణి అది. ఎదిగిన ఆల్చిప్ప గంటకు ఇంచుమించు లీటరు నీరు వడకడుతుంది, జాతిని, వేడిని బట్టి కొంత అటూ ఇటూ. కానీ వడకట్టాలంటే తలుపు తెరవాలి. మురుగులో ఆక్సిజన్ లేక, అమ్మోనియా ఎక్కువై తలుపు బిగించుకుని కూర్చుంటుంది, కొద్ది రోజుల్లో చస్తుంది. వెయ్యి ఆల్చిప్పలు కుళ్లితే చెరువుకు ఇంకో మురుగు కాలువ కలిపినట్టే. బతికినవి కూడా లోహాలను ఒంట్లో దాచుకుంటాయి కాబట్టి వాటిని ఎవరూ వండుకోకూడదు. ముందు మురుగు కాలువను చెరువు చుట్టూ మళ్లించండి. తర్వాత రెండు వేసవుల్లో తెల్లవారుజాము డీవో 5 కంటే తగ్గకుండా నిలిస్తే, అప్పుడు తూము దగ్గర సంచుల్లో ఒక పాతికను వేలాడదీసి మూడు నెలలు చూడండి.